పాలు, నీళ్లు, ఆంగ్ల వ్యాకరణము

కళాశాల వార్షిక సంచికకు ఒక వ్యాసము వ్రాసి యీయవలసినదిగా సంపాదక వర్గము వారు కోరినప్పుడు, తెలుగు ఉపన్యాసకులము గనుక ఏ ప్రబంధ కవి వర్ణనలను గూర్చియో వ్రాయుదుమని వారు తలచియుందురు. కాని ఈ పర్యాయము మేము వ్రాయదలచినది ఆంగ్ల వ్యాకరణమును గూర్చి. తెలుగు చెప్పుకొను వానికి ఆంగ్లముతో పని యేమి అని పాఠకులు అడుగవచ్చును. ఆ ప్రశ్న మేమును వేసికొన్నాము.

ఆంగ్ల శాఖలోని మా మిత్రులొకరు దీర్ఘకాలపు సెలవుపై వెళ్లుటచే, ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరములో వెనుకబడిన విద్యార్థులకు సాయంకాలపు ప్రత్యేక తరగతిని కొంతకాలము నడుపవలసినదిగా ప్రిన్సిపాలుగారు మమ్ము ఆదేశించినారు. నిజము చెప్పవలెనన్న మాకు గుండె జారినది. ఎమ్.ఏ.లో మా విషయము తెలుగు. ఆంగ్లము మాకు ఏనాడును సులభముగా అబ్బలేదు. ఇంటర్మీడియట్‌లో ఆ పరీక్షను రెండవసారి వ్రాసి గాని గట్టెక్కలేదు. ఈ సంగతి ఇంతవరకు మేము ఏ విద్యార్థికిని చెప్పియుండలేదు.

మా కర్నూలు పట్టణములో ఇంట ఒక భాష, వీధిలో మరియొక భాష వినబడుట సామాన్యము. మా ఇంటి భాష తెలుగు. మేము ఆడుకొన్న వీధి ఉర్దూ వీధి. ఆ ప్రత్యేక తరగతిలోనైతే రెండు భాషలును రెండు గట్లుగా ఉండెడివి. ఎడమ వైపు బల్లలపై ఉర్దూ మాధ్యమము నుండి వచ్చినవారు, కుడివైపు తెలుగు మాధ్యమము వారు. ఒకరి పెన్సిలు ఇంకొకరు అడిగి యెరుగరు. రెండు పక్షములకును సమానమైనది ఒక్కటే, ఆంగ్లమనిన భయము.

రెండవ వారమున, తెల్లవారుజామున మీ ఇంట జరుగు పనులను గూర్చి ఐదు వాక్యములు వ్రాయుడని చెప్పినాము. కుడివైపు నుండి ఒక విద్యార్థిని లేచి చదివినది: "మిల్క్ ఆర్ బాయిలింగ్. వాటర్స్ ఆర్ కమింగ్ ఇన్ ది ట్యాప్." ఎడమ బల్లల వారు గొల్లున నవ్వినారు. మేమును నవ్వినాము. అంతటితో ఆగక, "పాలను ఎన్నని లెక్కపెట్టినావమ్మా?" అని అడిగినాము. తరగతి అంతయు మరల నవ్వినది. ఆమె కూర్చున్నది. ఆ వారమంతయు నోరు విప్పలేదు. తరువాతి వారము ప్రత్యేక తరగతికి రాలేదు.

ఒక ఉదయము మేము పత్రిక చూచుచుండగా వంటయింటి నుండి మా అమ్మగారు కేక వేసినారు: "పాలు పొంగుతున్నాయి, కాస్త చూడు నాయనా!" పొయ్యి కట్టివేసినాము గాని ఆ వాక్యము మా చెవిలో నిలిచిపోయినది. పొంగుతున్నాయి. పొంగుతున్నది కాదు. తెలుగున పాలు, నీళ్లు, వడ్లు, కందులు, పెసలు నిత్యబహువచనములు. వాటికి ఏకవచనము వాడుకలో లేదు. ఈ సూత్రమును ఏటేటా నల్లబల్లపై వ్రాయుచున్న వారము మేమే. ఆ బాలిక తన తల్లిభాష వ్యాకరణమును తు.చ. తప్పక పాటించి, ఆ వాక్యమును ఆంగ్లములోనికి తెచ్చినది. ఆంగ్లము ఆమెకు రాకపోవుట వింత కాదు. తెలుగులో ఎమ్.ఏ. చదివిన మేము, ఆమె నోట తెలుగును గుర్తింపలేక దానినే చూచి నవ్వుట వింత.

ఎడమ బల్లల వారికి ఆ తప్పు ఎందుకు రాలేదో కూడ అప్పుడే తెలిసినది. ఉర్దూలో దూధ్, పానీ ఏకవచనములు, ఆంగ్లములోను అంతే. వారి ఒప్పు వారి తల్లిభాష ఇచ్చిన వరము. అయితే ఉర్దూలో అన్నము ఉడికినదనుటకు 'చావల్ పక్ గయే' అని బహువచనము వాడుదురు. కావుననే ఆ వారమే ఎడమవైపు బాలుడొకడు 'రైస్ ఆర్ కుక్డ్' అని వ్రాసియుండెను. ఆ తప్పునకు ఎవరును నవ్వలేదు, ఎవరికిని అది తప్పని తెలియదు గనుక.

మరునాడు ఆ విద్యార్థినిని వసారాలో కలిసి, "అమ్మా, నీ వాక్యములో ఉన్నది మన తెలుగు పద్ధతి. దానిని గుర్తుపట్టక నవ్వినది మా తప్పు. తరగతికి రా" అన్నాము. ఆమె కొంతసేపు తల వంచుకొని, "సార్, మా యమ్మ రెండు బర్రెలు పెట్టుకొని పాలు పోస్తుంది. పాలు ఒకటా, పదా అని ఎప్పుడూ లెక్కపెట్టలేదు. లీటర్లే లెక్కపెడుతుంది" అన్నది.

మేము రెండు వారములు వెదకినను దొరకని పాఠము ఆ ఒక్క మాటలో దొరికినది. ఆంగ్లము పాలను లెక్కింపదు. పాలు పోసిన పాత్రను లెక్కించును. 'టూ మిల్క్స్' అనరు, 'టూ లీటర్స్ ఆఫ్ మిల్క్' అందురు. ఆనాటి తరగతిలో పాఠ్యపుస్తకమును మూసి, వంటయింటి కొలతలన్నియు చెప్పుడని అడిగినాము. కుడివైపు నుండి పిడికెడు, చిటికెడు, దోసెడు, గరిటెడు, గుక్కెడు వచ్చినవి. ఎడమవైపు నుండి ముట్ఠీ భర్, చుట్కీ భర్, చమ్మచ్ భర్ వచ్చినవి. నల్లబల్లపై నడుమ మేము హ్యాండ్‌ఫుల్, స్పూన్‌ఫుల్, మౌత్‌ఫుల్ అని వ్రాసినాము. ఉర్దూ 'భర్', ఆంగ్ల 'ఫుల్' నిండుటనే తెలుపును. మన 'ఎడు' అనునది ఆ పనినే చేయును. మూడు భాషలవారును పిడికిలినే కొలపాత్రగా వాడుకొన్నారు. ఎన్ని, ఎంత అని మనము విడదీసి అడుగునదే ఆంగ్లములోని మెనీ, మచ్ భేదమునకు మూలమని చెప్పినప్పుడు, ఇంత సులభమా అన్నట్లు కొందరు ఒకరి ముఖమొకరు చూచుకొన్నారు. నీళ్ల దగ్గర మాత్రము జాగ్రత్త. మనము ఎన్ని నీళ్లు అన్నను ఆంగ్లేయుడు 'హౌ మచ్ వాటర్' అనియే అడుగును.

నాటి నుండి మా తరగతి వంటయింటిలోను, చేలోను, ఏటిగట్టునను నడచినది. వరి చేలో పైరు, కల్లములో వడ్లు, దంచిన పిదప బియ్యము, ఉడికిన పిదప అన్నము. ఉర్దూలో ధాన్, చావల్, ఖుష్కా. ఆంగ్లమున పొట్టుతో ఉన్నంతవరకు ప్యాడీ, ఆ పిదప పచ్చిదైనను ఉడికినదైనను రైస్. ప్యాడీ అనునది ఆంగ్లమునకు మలయ్ భాష నుండి వచ్చిన మాట. అన్నము విషయములో ఆంగ్లము మనకంటె పేదదని విన్నప్పుడు, మా విద్యార్థుల ముఖములలో ఆ భాషయెడల తొలిసారిగా జాలి కనబడినది. జాలి కలిగిన చోట భయము నిలువదు.

ఇచ్చిపుచ్చుకొన్న మాటల జాబితా వ్రాయించినప్పుడు వారి ఉత్సాహము మరింత పెరిగినది. సంస్కృతపు శర్కర ఫార్సీలో షకర్‌గాను, అరబ్బీలో సుక్కర్‌గాను మారి, ఐరోపా దాటి ఆంగ్లమున షుగర్ అయినది. అరబ్బీ మౌసిమ్ పోర్చుగీసు నావికుల నోట మారి ఆంగ్లమున మాన్‌సూన్ అయినది; ఆ మౌసిమే ఉర్దూలో మౌసమ్. ఎడమ బల్లలు గర్వించినవి. మరి తెలుగు ఏమి ఇచ్చినది సార్ అని కుడి బల్లల వారు పట్టుబట్టినారు. మన గాదెలను త్రవ్వు పందికొక్కు ఆంగ్లమున బాండికూట్ అయినదని చెప్పినాము. ఆ పేరునే పిదప ఆస్ట్రేలియాలో వేరొక జంతువునకు కూడ పెట్టినారు. ఉర్దూ వారికి ఋతుపవనము, మాకు పందికొక్కా అని ఒకడు వాపోయినాడు. ఆ రోజు రెండు వైపుల వారు కలిసి నవ్వినారు. మేము మొదట నవ్విన నవ్వుకును దీనికిని ఎంత భేదము!

షరతు వాక్యముల వద్దకు వచ్చినాము. తెలుగు వ్యాకరణమున దీనిని చేదర్థకమందురు. షరతు అను మాట ఉర్దూ 'షర్త్' నుండి మనకు వచ్చినదే. వాన కురిసిన చెరువు నిండును, ఇది జరుగదగినది. వాన కురిసియుండిన చెరువు నిండియుండెడిది. ఇది జరుగక పోయినది. ఈ రెండవ దానిని ఎట్లు వివరింపవలెనా యని ఆలోచించి, 2009 అక్టోబరు 2వ తేదీన తుంగభద్ర, హంద్రీ పొంగి మన పట్టణమును ముంచిన వరదను జ్ఞప్తికి తెచ్చినాము. అప్పుడు మేము డిగ్రీ విద్యార్థులము. మా తరగతిలోని వారు కొందరు తల్లి ఒడిలోని బిడ్డలు, కొందరు పుట్టనైన లేదు. ఇంటికి వెళ్లి పెద్దలను అడిగి రండన్నాము. మరునాడు ఒకడు తెచ్చిన వాక్యము: "ఇఫ్ ది వాటర్ హాడ్ నాట్ ఎంటర్డ్ అవర్ హౌస్, మై మదర్స్ స్యూయింగ్ మెషీన్ వుడ్ నాట్ హావ్ రస్టెడ్." తప్పు ఒక్కటియు లేదు. ఈ వాక్యము చెప్పినప్పుడు మీ అమ్మ ఏమన్నదని అడిగినాము. "కొత్తది కొనడానికి నాలుగేండ్లు పట్టిందని చెప్పింది సార్" అన్నాడు. మేము వెంటనే మరియొక పాఠము మొదలుపెట్టలేకపోయినాము.

కర్మణి ప్రయోగమునకు ఉగ్గాని తోడ్పడినది. బొరుగులు నానబెట్టుదురు, పిండుదురు, ఉల్లిపాయలు వేయించుదురు. చేయువారెవరో తెలుగు చెప్పదు. 'రు' అను ప్రత్యయముతో సరిపుచ్చును. నానబెట్టబడును అన్నచో వంట కాక శాసనము చదివినట్లుండును. ఉర్దూ వారికి ఈ చిక్కు లేదు. వారి వాడుకలోనే 'భిగోయే జాతే హైఁ' అను రూపము ఉన్నది. కావున ఆ వారము ఎడమ బల్లల వారిని కుడి బల్లల నడుమ కూర్చుండబెట్టి, వారిచే ఈ పాఠము చెప్పించినాము. తరువాత ఎవరును తమ పాత చోటులకు తిరిగి పోలేదు.

చివర రెండు వాక్యములు వ్రాసినాము. 'ది కెనాల్ వాజ్ డగ్ ఇన్ ది నైంటీన్త్ సెంచురీ' అనునది కర్నూలు–కడప కాలువను గూర్చి. 'ది హంద్రీ ఈజ్ పొల్యూటెడ్' అనునది రెండవది. పాలు పోయువారి ఆ బిడ్డ లేచినది. "సార్, కాలువ తవ్విన కూలీల పేర్లు మనకు తెలియవు కాబట్టి చెప్పలేదు. హంద్రీని పాడు చేసినవాళ్లు తెలుసు కదా, మరి ఎందుకు చెప్పలేదు?"

కర్మణి ప్రయోగము తెలియని కర్తను మౌనముగా వదలును. తెలిసిన కర్తను దాచుటకును పనికివచ్చును. ఈ సంగతి ఏ వ్యాకరణ గ్రంథమును మాకు ఇంత స్పష్టముగా చెప్పలేదు. అయితే కర్తను చేర్చి వ్రాయుడన్నాము. వెనుక నుండి ఒక బాలుడు "హమ్ నే" అన్నాడు. 'వుయ్ హావ్ పొల్యూటెడ్ ది హంద్రీ' అని వాక్యము తయారైనది. అంతలో మరొకడు అడిగినాడు: "సార్, ఈ వుయ్ అంటే మేమా, మనమా?"

ఉర్దూ 'హమ్'లో గాని, ఆంగ్లపు 'వుయ్'లో గాని ఈ భేదము లేదు. వినువానిని వెలివేసిన మేము, వినువానిని కలుపుకొన్న మనము తెలుగునకు వేర్వేరుగా ఉన్నవి. తరగతి కొంచెము సేపు నిశ్శబ్దమైనది. ఆ బిడ్డయే జవాబు చెప్పినది. "మనమే సార్. మా బర్రెలను కడిగిన నీళ్లు కూడా దాంట్లోకే పోతాయి." మా ఇంటి వీధి కాలువ ఎందులో కలియునో మాకును తెలియును. ఆ మాట మేమును ఒప్పుకొన్నాము.

ఆ విద్యార్థిని ఆంగ్ల పరీక్షను మొదటి ప్రయత్నముననే దాటినది. ఆ విషయమున మాకంటె ఆమె మెరుగు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. వారమునకొక గంట తెలుగు, ఉర్దూ, ఆంగ్ల ఉపన్యాసకులు ముగ్గురును ఒకే తరగతిలో కూర్చుండు ఏర్పాటు చేయగలరు. దానికి కొత్త భవనము గాని, కొత్త పుస్తకములు గాని అక్కరలేదు. పిల్లల తప్పులలో ఏ భాష పలుకుచున్నదో వినగల చెవులు చాలును.

విద్యార్థులారా! మీరు ఆంగ్లమున తప్పు పలికినప్పుడు ఎవరైన నవ్విన, నోరు మూసికొనకుడు. ఆ తప్పు వెనుక మీ అమ్మ వంటయింటిలో పలికిన ఒప్పు ఒకటి ఉండవచ్చును. దానిని వెదకి పట్టుకొనుడు. 'వుయ్' అను మాట కనబడినప్పుడెల్ల, ఇది మేమా, మనమా అని ఒక్క క్షణము ఆగి యోచింపుడు. ఈ వ్యాసము పొడవునను మేము మేమని వ్రాసినాము. అది పాత అలవాటు. హంద్రీ విషయమున మాత్రము మనమనియే వ్రాసికొందము.