ఎనిమిదో తరగతికి ఒక నవల

ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా చదివే పిల్లల చేతిలో పెట్టడానికి తెలుగులో నవలలు ఏమున్నాయని అడిగితే, బాగా చదువుకున్నవాళ్లు కూడా కాసేపు తడుముకుంటారు. చిన్నపిల్లల సంగతి అలా కాదు. ప్రథమ్ బుక్స్, తూలిక, మంచి పుస్తకం లాంటి సంస్థల వల్ల మూడో తరగతి పిల్లకి మంచి బొమ్మల పుస్తకం వెతకడం ఇవాళ పెద్ద పని కాదు. పెద్దవాళ్లకి నవలల కొదవ ఎప్పుడూ లేదు. ఎటొచ్చీ ఈ నడిమి ఐదేళ్లే ఖాళీ. చదివే అలవాటు నిలబడుతుందో, ఊడిపోతుందో తేలిపోయేది కూడా ఈ ఐదేళ్లలోనే.

మా తరానికి ఈ ఖాళీ తెలియలేదు. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారు ‘తోకచుక్క’, ‘మకరదేవత’, ‘కంచుకోట’, ‘రాకాసి లోయ’, ‘పాతాళదుర్గం’ అంటూ ఏళ్ల తరబడి సీరియళ్లు రాశారు. రాసిందెవరో పేరు కూడా ఉండేది కాదు, మేం అడిగేవాళ్లమూ కాదు. వచ్చే నెల ఎప్పుడొస్తుందా అన్నదే మా గొడవ. నండూరి రామమోహనరావు గారు టామ్ సాయర్‌నీ హకల్‌బెరీ ఫిన్‌నీ మనూరి కుర్రాళ్లంత దగ్గర చేశారు. ఆ తర్వాత మగపిల్లలు మధుబాబు షాడో దగ్గరికి, యండమూరి దగ్గరికి పోయేవాళ్లు. ఆడపిల్లలు అక్కలు దాచుకున్న యద్దనపూడి నవలలు పట్టుకునేవాళ్లు. మంచో చెడో, దారి మాత్రం తెగలేదు. చందమామ ఆగిపోయి పదేళ్లు దాటింది. వారపత్రికలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఇవాళ పన్నెండేళ్ల పిల్లవాడికి ఇంట్లో కథ దొరికేది ఫోనులోనే. కాబట్టి వాడికి నవల అనేది ఒకటుందని చూపించగలిగింది ఇక బడి బీరువా ఒక్కటే.

ఆ బీరువాలో ఏముంటుందో ప్రభుత్వ పాఠశాలలు తిరిగినవాళ్లకి తెలుసు. జాతీయ నాయకుల జీవితాలు, జనరల్ నాలెడ్జి, వ్యక్తిత్వ వికాసం, నీతి కథలు, రెండు నిఘంటువులు, ఎవరో దానమిచ్చిన పాత గైడ్లు. డబ్బు బొత్తిగా లేదనడానికి వీల్లేదు. కేంద్ర ప్రభుత్వ సమగ్ర శిక్ష పథకం 2018-19లో మొదలైనప్పుడు గ్రంథాలయం కోసం బడి స్థాయిని బట్టి ఏడాదికి 5,000 నుంచి 20,000 రూపాయల దాకా ఇవ్వొచ్చని పెట్టారు. పదివేలు చేతికొస్తే నూటయాభై రూపాయల పుస్తకాలు అరవైకి పైగా వస్తాయి. అయినా వాటిలో నవలలు కనబడవు. దీనికి ఒక్కటే కారణమని నా నమ్మకం. జీవిత చరిత్రని అట్ట చూసి కొనొచ్చు. జనరల్ నాలెడ్జి పుస్తకాన్ని విషయసూచిక చూసి కొనొచ్చు. నవలని మాత్రం ఎవరో ఒకరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి, ఇది మా ఎనిమిదో తరగతి పిల్లలకి నచ్చుతుందని పూచీ పడాలి. ఆ చదివే మనిషి ఎంపికలో లేడు. టెండర్లున్నాయి, కమిటీలున్నాయి, డిస్కౌంటు శాతాలున్నాయి. చదివినవాడి సంతకానికి మాత్రం ఆ కాగితాల్లో చోటు లేదు.

నాకు తెలిసిన ఉన్నత పాఠశాలల కోసం నవలలు ఏరిపెట్టే పని కొంతకాలంగా ఇష్టంగా చేస్తున్నాను. దొంతర ముందేసుకుని చదువుతుంటే కొన్ని సంగతులు వాటంతటవే కళ్లకి కడతాయి. పిల్లల నవల అని అట్ట మీద ఉంటుంది. లోపల పిల్లలు చేసేదేమీ ఉండదు. తాతగారు చెబుతుంటారు, మాస్టారు చెబుతుంటారు, చిక్కుముడి పడ్డప్పుడు పోలీసు మామయ్య వచ్చి విప్పుతాడు. పిల్లలు తల ఊపుతారు, చివర్లో బహుమతి పుచ్చుకుంటారు. అలాంటివి పక్కన పెట్టేస్తాను. కథలో పిల్ల ఒక నిర్ణయం తీసుకోవాలి, దాని ఫలితం తనే అనుభవించాలి. తప్పు నిర్ణయమైనా సరే. పదమూడేళ్ల వయసులో అందరూ మనకి చెప్పేవాళ్లే అయినప్పుడు, ఒక పుస్తకమైనా చెప్పడం మాని చూపించాలి కదా.

బాధ ఉన్న పుస్తకమంటే పంతుళ్లకి భయం. పిల్లలకి మాత్రం ఆ భయం లేదు. జపాను రచయిత్రి తెత్సుకో కురొయనాగి ‘రైలుబడి’ అచ్చంగా నవల కాదు, తొత్తోచాన్ అని పిలిపించుకున్న ఆమె చిన్ననాటి బడి కథ. అయినా ఆరో తరగతికి మొదట ఇచ్చేది అదే. పోలియో వచ్చిన తోటి పిల్లవాడు యసువాకిని తొత్తోచాన్ నానా తంటాలు పడి చెట్టెక్కించే అధ్యాయం చదువుతుంటే తరగతి ఊపిరి బిగబట్టి వింటుంది. ఆ తర్వాత యసువాకి చనిపోతాడు, ఆఖర్న యుద్ధంలో బడే కాలిపోతుంది. పిల్లలు ఏడుస్తారు. ఏడ్చి, మళ్లీ మొదటి పేజీకొచ్చి ఇంకోసారి చదువుతారు. తెలిసిన మనిషి పోతే ఎలా ఉంటుందో వాళ్లలో చాలామందికి ఇంట్లోనే తెలుసు. వాళ్లకి తెలిసిన సంగతిని పుస్తకం కూడా ఒప్పుకుంటే అది వాళ్లకి ధైర్యం.

తొమ్మిది, పది తరగతులకి వచ్చేసరికి పిల్లల కోసమే రాసినవి వెతుక్కుంటూ కూర్చోనక్కర్లేదు. డాక్టర్ కేశవరెడ్డి గారి ‘అతడు అడవిని జయించాడు’ పిల్లల కోసం రాసింది కాదు. చిన్న నవల, కథంతా ఒక్క రాత్రిలో నడుస్తుంది. పందుల్ని మేపుకునే ముసలివాడు మందలో కనబడకుండా పోయిన సూడిపందిని వెతుక్కుంటూ చీకటి పడ్డాక ఒంటరిగా అడవిలోకి వెళ్తాడు. ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో దీన్ని తొమ్మిదో తరగతికి చివరి పీరియడ్లలో రోజుకి కొన్ని పేజీల చొప్పున పైకి చదివాం. ఈనిన పంది యజమానిని కూడా దగ్గరికి రానివ్వని ఘట్టం రాగానే వెనక బెంచీ కుర్రాడొకడు లేచి, “నిజమే మేడమ్, మా తాతని కూడా కరిచింది” అన్నాడు. అంతకు ముందు ఆ కుర్రాడు తరగతిలో నోరు విప్పగా టీచర్లు వినలేదట. ఇక ఆపకుండా చెప్పాడు. పంది ఈనే ముందు గడ్డీ ఆకులూ ఎలా పోగేసుకుంటుందో, పిల్లల్ని ఎటు తిరిగి కాపాడుకుంటుందో, మందలో ఏది అలిగిందో వాళ్ల నాన్న ఎలా పోల్చుకుంటాడో చెప్పాడు. పిల్లలు తిరిగి కూర్చుని వాడివైపు చూస్తూ విన్నారు. గంట కొట్టినా ఎవరూ లేవలేదు. మర్నాడు ఇద్దరు పిల్లలు ఆ పుస్తకం కోసం పేరు రాయించుకున్నారు. ఒక పని చేసుకు బతికే ఇల్లు, ఆ ఇంటి తెలివి, ఆ ఇంటి మాట పుస్తకంలోకి ఎక్కితే ఆ ఇంటి పిల్లవాడికి బడిలో ఒక చోటు దొరుకుతుంది. మన పిల్లల నవలల్లో ఎక్కువ భాగం ఇప్పటికీ ఉద్యోగస్తుల ఇళ్లలోనే జరుగుతున్నాయి. వేసవి సెలవుల్లో తాతగారి ఊరికి వచ్చే పిల్లలే కథానాయకులు. ఆ ఊళ్లోనే ఉండిపోయే పిల్లలకి అందులో పాలేరు కొడుకు వేషమే మిగులుతుంది. ఏరేటప్పుడు ఇది తప్పక చూస్తాను.

భాష కూడా అంతే. నామిని చిత్తూరు పలుకుబడిలో రాసిన చిన్ననాటి కతలు, ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కథలు’, గోగు శ్యామల కథల్లోని తెలంగాణ మాట పిల్లలకి అర్థం కావేమో అనే సందేహం పెద్దవాళ్లదే. సొంత జిల్లా మాట అచ్చులో చూస్తే పిల్లలు మొదట నవ్వుతారు, తర్వాత పోటీపడి చదువుతారు. వేరే జిల్లా మాటైతే రెండు పేజీల్లో అలవాటు పడతారు. సినిమాల్లో అన్ని యాసలూ వినే పిల్లలు వీళ్లు.

ఇక ప్రేమ, పెళ్లి. “ఇందులో ప్రేముంది, ఆడపిల్లలకి ఎలా ఇస్తాం మేడమ్” అని అడిగే హెడ్మాస్టర్లని నేను తేలిగ్గా తీసుకోను. రేపు ఒక తండ్రి వచ్చి గొడవ చేస్తే గేటు దగ్గర నిలబడి జవాబు చెప్పుకోవాల్సింది ఆయనే. కానీ పుస్తకం విప్పి చూద్దామంటాను. చింగీజ్ ఐత్మాతోవ్ ‘తొలి ఉపాధ్యాయుడు’ సోవియట్ కాలంలోనే తెలుగులోకి వచ్చింది. కిర్గిజ్ పల్లెలో దుయిషెన్ అనే కుర్రాడు, తనకి వచ్చిన చదువే అంతంతమాత్రం, పాత గుర్రాలశాలని బాగుచేసి బడి పెడతాడు. చలికాలంలో పిల్లల్ని వీపున మోసి వాగు దాటిస్తాడు. తల్లీతండ్రీ లేని ఆల్తినాయ్‌ని ఆమె పిన్ని పదిహేనో ఏట ఒక డబ్బున్నవాడికి రెండో పెళ్లాంగా అమ్మేస్తుంది. ఆ పిల్ల పడిన హింస, అందులోంచి బయటపడి పెద్ద చదువులకి వెళ్లడం, మాస్టారి మీద ఆమెకున్న చెప్పుకోలేని ఇష్టం, అన్నీ అందులో ఉన్నాయి. ఇది తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి బరువు అంటారా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20-24 ఏళ్ల స్త్రీలలో 18 నిండకుండానే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. పక్క బెంచీ పిల్ల దసరా సెలవుల తర్వాత బడికి రాకపోతే ఎందుకు రాలేదో తెలిసిన పిల్లలకి ఈ నవల ఇవ్వకపోవడమే నాకు తప్పుగా తోస్తుంది. నేను చూసేది ఒక్కటే. రచయిత ఆ హింసని చూసి బాధపడుతున్నాడా, లేక చవులూరించడానికి వాడుకుంటున్నాడా? రెండోదైతే ఎంత పేరున్న నవలనైనా పక్కన పెడతాను. మన పాత వారపత్రిక నవలల్లో నాయకుడు నాయికని చెంపదెబ్బ కొట్టి ప్రేమించే రకాలున్నాయి. వాటిని పదమూడేళ్ల పిల్లలకి ఇవ్వను.

కొత్తవి అసలు రావడం లేదా అంటే, వస్తున్నాయి. కేంద్ర సాహిత్య అకాడమీ బాల సాహిత్య పురస్కారం 2010లో మొదలైనప్పుడు తెలుగులో తొలి బహుమతి కలువకొలను సదానంద గారి ‘అడవి తల్లి’ నవలకే వచ్చింది. ఆ తర్వాత ఎక్కువసార్లు కథలకీ గేయాలకీ వెళ్లి, 2024లో మళ్లీ చంద్రశేఖర్ ఆజాద్ గారి నవల ‘మాయాలోకం’కి వచ్చింది. అమెరికా తెలుగువాళ్ల సంఘం తానా, మంచి పుస్తకం కలిసి పిల్లల నవలలకి పోటీలు పెట్టి అచ్చు వేయడం ఈ మధ్య జరిగిన మంచి పనుల్లో ఒకటి. అయినా పదిహేనేళ్ల పిల్లల బతుకు తెలుగు నవలలోకి ఇంకా రావలసినంత రాలేదు. గురుకులంలో మంచం పక్క మంచం వేసుకుని పెరిగే స్నేహాలు, ఇంటర్ హాస్టల్లో ర్యాంకుల ఒత్తిడి, పత్తి చేలో పని చేసి సోమవారం బడికి వచ్చే పిల్లలు, గల్ఫ్‌లో ఉన్న తండ్రి ఫోను కోసం ఎదురుచూసే ఇల్లు. రాయడానికి ఎంత ఉంది!

ఇంగ్లిషులో మన దేశపు రచయితలు ఈ వయసు వాళ్ల కోసం ధైర్యంగా రాస్తున్నారు. సిద్ధార్థ శర్మ 2018లో తెచ్చిన ‘ఇయర్ ఆఫ్ ది వీడ్స్’లో కొరొక్ అనే గోండు కుర్రాడు ఒడిశాలో తోటపని చేసుకుంటుంటాడు. బాక్సైట్ కోసం వాళ్ల కొండని తవ్వడానికి కంపెనీ వస్తుంది. ఇది నియమగిరి పోరాటం స్ఫూర్తితో రాసిన నవల. బాక్సైట్ గొడవ మన విశాఖ మన్యానికీ తెలిసిందే, గోండులు మన ఆదిలాబాద్‌లోనూ ఉన్నారు. ఇలాంటి నవల తెలుగులో మన పిల్లల చేతికి అందాలి. బడులన్నీ ఇంగ్లిషు మీడియం అయ్యాయి కదా, ఇంగ్లిషులోనే చదువుతారులే అనేవాళ్లున్నారు. పాఠం చదివే ఇంగ్లిషు వేరు, రెండొందల పేజీల నవలని హాయిగా చదివే ఇంగ్లిషు వేరు. ఆ రెండోది వచ్చేదాకా కథ కోసం పిల్లలు ఆగరు.

ఎంపికలో ఎవరూ పట్టించుకోని సంగతి ఇంకొకటుంది. అచ్చు. తెలుగుకి కింద వత్తులూ పైన గుడులూ ఉంటాయి. వరుసల మధ్య ఎడం తగ్గిస్తే పై వరుస వత్తు కింది వరుస గుడిని తాకుతుంది. పెద్దలు ఎలాగో చదువుకుంటారు, అప్పుడప్పుడే నవలలోకి దిగే పిల్ల మాత్రం పదో పేజీకే అలిసిపోతుంది. కాగితం పల్చనైతే వెనక పేజీ అక్షరాలు ఇటు కనబడతాయి. కొనేముందు పుస్తకాన్ని సరిగ్గా మధ్యకి విప్పి బల్ల మీద బోర్లించి నొక్కి చూస్తాను. ఒట్టి జిగురు బైండింగైతే అప్పుడే చిటుక్కుమంటుంది. నలభై చేతులు మారాల్సిన పుస్తకం అది. కుట్టు బైండింగ్ దొరికితే పదో ఇరవయ్యో ఎక్కువైనా అదే కొనమంటాను.

పిల్లల్ని కూడా ఎంపికలో కూర్చోబెట్టాలి. డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కి, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి బడులు పిల్లల్ని తీసుకొస్తాయి. వరసకట్టి తిప్పి తీసుకెళ్లిపోతాయి. అలా కాకుండా తరగతికి ముగ్గురిని, అందులో ఇద్దరు ఆడపిల్లల్ని, కొంత డబ్బిచ్చి మీకు నచ్చిన నవలలు కొనండి అని వదలాలి. వాళ్లు మొదటి పేజీ చదివి తేల్చేస్తారు, ఆ తీర్పు చాలావరకు సరైనదే. దెయ్యాల నవల కొన్నా అడ్డుపడకూడదు. నేను ఏరినవి సగం, వాళ్లు ఏరినవి సగం బీరువాలో ఉంటే బీరువా వాళ్లది కూడా అవుతుంది. మంచి నవల అని తేలితే ఒక ప్రతి చాలదు, ఐదు కొనాలి. ఒకే వారంలో ఐదుగురు చదివితే దాని గురించి ఆటస్థలంలో మాట్లాడుకుంటారు. ఆ మాటలు విని ఆరోవాడు వస్తాడు. పేర్ల సంఖ్య తగ్గుతుంది, తగ్గనివ్వండి.

ఇంత ఏరి కొన్నాక బీరువాకి తాళం పడితే ఏం లాభం? పుస్తకం పోతే జీతంలో కోస్తారేమోనని ఇన్‌చార్జి టీచరు తాళం తీయరు. ఆమె భయం నాకు అర్థమవుతుంది. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమావళి 2017లో 215వ నిబంధన, చదవడానికిచ్చిన ప్రతి వెయ్యి పుస్తకాలకి ఏడాదిలో ఐదు పోవడం సహజమేనని, అందులో నిర్లక్ష్యమో దురుద్దేశమో లేకపోతే దాన్ని మామూలు నష్టంగానే లెక్కించవచ్చనీ చెబుతోంది. మన రాష్ట్రాల విద్యాశాఖలు ఇదే మాటని ఒక సర్క్యులర్‌గా ప్రతి బడికీ పంపితే ఆమె భయం తీరుతుంది. పోయిన నవల ఏదో రిజిస్టరులో రాసుకుని, వచ్చే ఏడాది గ్రాంటులో మొదట దాన్నే కొనొచ్చు.