మా అల్వాల్ మీదుగా వంతెన

"అల్వాలా? అమ్మో, అంత దూరమా!" అనే చుట్టాలు నాకు ఇప్పటికీ ఉన్నారు. దూరమేమీ కాదండీ. సికింద్రాబాద్‌కీ మాకూ మధ్య మిలటరీవాళ్ళ జాగాలు పరుచుకుని ఉండటంతో అలా అనిపిస్తుందంతే. 1806లో మూడో నిజాం సికిందర్ జా పేరు మీద సికింద్రాబాద్ వెలిసింది. పాతవాళ్ళు దాన్ని లష్కర్ అనేవారు, అంటే సైన్యం. మా పక్కనే బొలారంలో 1860లో కట్టిన రెసిడెంటు బంగళాయే ఈనాటి రాష్ట్రపతి నిలయం. 2023 నుంచి ఏడాది పొడుగునా అందర్నీ రానిస్తున్నారు, పిల్లల్ని తీసుకెళ్ళి చూపించండి.

సైన్యం వెంట వచ్చి స్థిరపడ్డ తమిళ కుటుంబాలు, రిటైరైన జవాన్లు, కరీంనగర్ వైపు నుంచి వచ్చినవాళ్ళు, అందరం ఒకే వీధిలో ఉంటాం. సాయంత్రమైతే ఒకింట్లో సాంబారు పోపు, పక్కింట్లో సర్వపిండి వాసన!

చిక్కల్లా రోడ్డుతోనే. కార్ఖానా, తిరుమలగిరి, లోతుకుంట మీదుగా వచ్చే కరీంనగర్ రోడ్డే మాకు దిక్కు. వెడల్పు చేద్దామంటే అటూ ఇటూ రక్షణ శాఖ భూములు. 2023 ఏప్రిల్‌లో మేడ్చల్ దాకా ఎమ్‌ఎమ్‌టీఎస్ వేశారు గానీ, మన పనివేళలకి రైలు దొరకాలి కదా! ఆ ఏడాది డిసెంబరు 9 నుంచి ఆడవాళ్ళకి బస్సు ఉచితమయ్యాక టిక్కెట్టు బాధ తప్పింది, నిలబడే బాధ తప్పలేదు.

చివరికి 2024 మార్చి 1న రక్షణ శాఖ తన భూమి ఇవ్వడానికి ఒప్పుకుంది. 7న అల్వాల్‌లోనే ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి శంకుస్థాపన చేశారు. శామీర్‌పేట దాకా సుమారు 18 కిలోమీటర్ల దారి, అందులో 11 కిలోమీటర్లు పైవంతెన. మావారైతే పొంగిపోయారు. నాకూ సంతోషమే, కాదనను.

కానీ ఒక్కమాట. పైన కార్లు పోతాయి సరే, కింద ఉండేది మనమే కదా? రెండు చేతుల్లో కూరల సంచులతో స్తంభాల మధ్య నుంచి ఎక్కడ దాటాలి? బస్సు ఎక్కడ ఆగుతుంది? రోడ్డు కోసం స్థలం పోయిన ఇంటాయనకి పరిహారం ముడుతుంది. అదే ఇంటి ముందుగదిలో అద్దెకి కుట్టుమిషను పెట్టుకుని పిల్లల్ని చదివిస్తున్న ఆవిడకి ఏం ముడుతుంది? మా వీధి ఆడవాళ్ళం ఈ మాటలే కాగితం మీద పెట్టి సంతకాలు చేస్తున్నాం. స్తంభాలు లేచాక అడిగితే ఎవరు వింటారు చెప్పండి? మీ ఊళ్ళో ఇలాంటి వంతెన కడితే, కింద నడిచేవాళ్ళకి ఏం ఏర్పాటు చేశారో రాయండి. మా అర్జీలో అదీ చేరుస్తాం.