గట్ల పేర్లు

శ్రీశైలం డ్యాం నిండితే నీళ్లు 885 అడుగులకు చేరతాయి. అప్పుడు నల్లమలలో కొన్ని గట్ల తలలే నీళ్లపైన మిగులుతాయి. చూడవచ్చినోళ్లకు అవి దీవులు. మా చెంచులకు పేర్లున్న గట్లు.

వానలు వెనకబట్టాక పిల్లలతో ఒక రాత్రి అక్కడ ఉండాలనుకుంటున్నాం. పులులుండే అడవి, ముందు అనుమతి తీసుకోవాలి. చిన్న పడవ, మోయగలిగినంతమందే ఎక్కాలి. అందరికీ లైఫ్ జాకెట్లుండాలి. గాలి లేచేలోపు ఒడ్డు పట్టాలి. రాత్రి నీళ్లు పెరగొచ్చు, అందుకే గుడారం ఎత్తున వేయాలి. జొన్న సంకటి మూటకట్టుకుంటే అక్కడ నిప్పు రాజేసే పనిలేదు.

తాతను తప్పక తీసుకుపోవాలి. ఏ గట్టు పేరేమిటో, ఏది ఎక్కడ మునిగిందో చెప్పగలిగేది ఇంట్లో ఆయనే. ఆ పేర్లు పిల్లల నోటికి రాకపోతే, మాకూ అవి దీవులే అవుతాయి.