గుహలు దాటి ఒక ఊరు

విహారనౌకలో విశాఖపట్నం రేవున దిగినవారికైనా, మనవలె రైలెక్కి వచ్చినవారికైనా అరకు ఒక్కరోజు ముచ్చటే. ప్రియ చదువరులారా, గత డిసెంబరులో మా సంఘములోని కొన్ని కుటుంబములు కలిసి ఉదయాన్నే కిరండూల్ వెళ్ళే రైలెక్కాము. దారి పొడవునా 58 సొరంగములు ఉన్నవని ఎవరో చెప్పగా పిల్లలు లెక్క మొదలుపెట్టి మధ్యలోనే తప్పిపోయారు. ఈ దారి మన కనుల పండుగకు వేసినది కాదు. బైలదిల్లా ఇనుప ఖనిజమును జపానుకు పంపుటకై 1960లలో కొండలు తొలిచి వేశారు.

బొర్రా గుహల సంగతి అందరూ వ్రాస్తారు గనుక విడిచిపెడుతున్నాను. అక్కడ మాకు తెలిసిన గిరిజన సహోదరుడొకరు తన ఊరికి రమ్మన్నాడు. గంటసేపు రాళ్ళ బాట, ఎక్కుడు. ఆడవారు చెప్పులు చేతపట్టుకొని నడిచారు. పైకి చేరేసరికి పచ్చగా వలిసె పూలు, మెట్లు మెట్లుగా చేలు, వాకిట ఆరబోసిన చోళ్ళు. ఊరి పెద్దాయన మంచము వాల్చి, "కూర్చోండి అయ్యగారూ" అన్నాడు.

ఆ చేలు ఇంకా వారి చేతిలో ఉండుట వెనుక పెద్ద కథ ఉంది. బొర్రా పంచాయతీ గ్రామములలో గనులకై ప్రభుత్వము బయటివారికి లీజులిచ్చింది. సమత అను సంస్థ గిరిజనుల పక్షమున కోర్టుకెక్కింది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది: షెడ్యూలు ప్రాంతపు భూమిని గిరిజనేతరులకు ఇవ్వరాదను కట్టడి ప్రభుత్వమునకు కూడా వర్తిస్తుంది, ప్రభుత్వ భూమిని సైతము ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వరాదు. ముగ్గురు న్యాయమూర్తులలో ఇద్దరి మాట అది. ఒక్కరు ఒప్పుకొనకపోయినా తీర్పు నిలిచింది. నాబోతుకు ఇటువంటి న్యాయస్థానము దొరకలేదు గదా అనుకున్నాను.

భూమి నిలిచింది గాని, ఆ ఊరికి రోడ్డు రాలేదు. దిగివచ్చేటప్పుడు ఒక ఇంటి చూరుకింద పొడవాటి గడ, దానికి చుట్టిన పాత దుప్పటి కనబడ్డాయి. ఊయల కాబోలని మా పిల్లలు ఊగబోయారు. అది డోలీ. నొప్పులు పడుతున్న తల్లినైనా, జ్వరము ముదిరినవారినైనా అందులోనే పడుకోబెట్టి, మేము వచ్చిన ఆ రాళ్ళ బాటనే రోడ్డు వరకు మోసుకుపోతారు. వానాకాలములో ఎలాగని మా ఆడవారు అడిగారు. గడ ముందువైపు పట్టినవాడు కాలు జారకూడదు, అంతేనని ఆ ఇంటామె చెప్పి, చోళ్ళు ఎత్తడానికి వెళ్ళిపోయింది.