మోటరు ఆన్ అయింది సరే, నీళ్లొస్తున్నాయా?

మా చిన్నబావకు ఊరవతల చేలో ఏడున్నర హార్స్‌పవర్ బోరుంది. ఇదివరకు రాత్రిపూట కరెంటిచ్చినప్పుడల్లా టార్చిలైటు పట్టుకుని గట్ల మీద పడిపోయేవాడు. పాముల భయం ఒకటి, అక్కయ్య సణుగుడు ఇంకొకటి. ఇప్పుడు మొబైల్ స్టార్టరు పెట్టించుకున్నాడు. మంచం దిగకుండా సెల్లు నొక్కితే 'మోటర్ ఆన్' అని మెసేజ్ వచ్చేస్తుంది. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు "ఇక హాయిగా పడుకోవచ్చు బావా" అన్నాను.

"మోటరు ఆన్ అయిందని చెప్పింది గానీ, నీళ్లొస్తున్నాయని చెప్పిందా?" అన్నాడు నవ్వుతూ. అని, సెల్లులో ఆంప్స్ చూపించాడు. పన్నెండు దాకా ఉంటే నీళ్లు లాగుతున్నట్టు. బాగా పడిపోతే బోరులో నీళ్లు లేక మోటరు ఉత్తినే తిరుగుతున్నట్టు.

నాకు వెంటనే దక్షిణ ధ్రువం గుర్తొచ్చింది. నవ్వకండి, చెబుతా.

అక్కడ ఐస్‌క్యూబ్ అని ఒక డిటెక్టర్ ఉంది. భూగోళాన్ని సైతం ఇటునుంచి అటు దూసుకుపోయే న్యూట్రినోలనే కణాల కోసం కాపు కాసే యంత్రం. వేడినీళ్లతో మంచును కరిగించుకుంటూ రెండున్నర కిలోమీటర్ల లోతు దాకా 86 బావులు దింపారు. ఒక్కో బావిలోకి ఒక్కో కేబులు, దానికి పూసలు గుచ్చినట్టు 60 గాజుగోళాలు. మొత్తం 5,160. ఆఖరి కేబులు దిగింది 2010 డిసెంబరులో. చుట్టూ ఉన్న నీళ్లు మళ్లీ గడ్డకట్టాయి, అంతే. ఆ గోళాలు ఇక ఎవరి చేతికీ అందవు. లోపల ఒక తీగ ఊడిందని వెళ్లి చూసే దారే లేదు.

ఒక్కో గోళంలో వెలుగును పసిగట్టే పది అంగుళాల ఫొటోట్యూబు, దానికో చిన్న కంప్యూటరు ఉంటాయి. పైనుంచి పోయేది రెండు రాగితీగలు, 96 వోల్టుల కరెంటు. ఆ జత తీగల్ని కూడా రెండు గోళాలు పంచుకోవాలి. కరెంటు పోయేదీ మాటలు నడిచేదీ ఆ తీగల మీదే. ఫొటోట్యూబు పనిచేయాలంటే ఇంచుమించు 1,300 వోల్టులు కావాలి. అంత వోల్టేజిని గోళమే లోపల తయారుచేసుకుంటుంది. పైనున్న సాఫ్ట్‌వేర్ చేసేదల్లా 'ఇంత పెట్టు' అని చెప్పడం, ఆ తర్వాత 'ఎంత పెట్టావు?' అని అడగడం.

ఈ రెండో ప్రశ్నలోనే ఉంది కిటుకంతా. జెనీవా దగ్గర సెర్న్ ప్రయోగశాలలో చూసినా, ఇంకెక్కడ చూసినా, హైవోల్టేజి తెర మీద ప్రతి చానెల్‌కూ రెండు అంకెలుంటాయి. ఒకటి మనం అడిగింది, రెండోది నిజంగా వచ్చింది. పక్కనే లాగుతున్న కరెంటు. కొత్తగా డ్యూటీకొచ్చిన కుర్రవాళ్లు మొదటి అంకె చూసి సంబరపడతారు. చెయ్యి తిరిగినవాళ్లు దాని జోలికే పోరు, రెండోదాన్నీ కరెంటునూ చూస్తారు. మా బావ లాగే.

ఐస్‌క్యూబ్ వాళ్లకు ఆంప్స్ కంటే మంచి నాడి ఒకటి దొరికింది. కటిక చీకట్లో, ఏ న్యూట్రినో రాకపోయినా, ప్రతి గోళమూ సెకనుకు 500 పైచిలుకు సార్లు ఉత్తుత్తినే టిక్కుమంటూ ఉంటుంది. మామూలుగా ఇలాంటి రొదను శాస్త్రజ్ఞులు తిట్టుకుంటారు. ఇక్కడ మాత్రం అదే ఊపిరి. ఆ రొద ఆగిందంటే గోళానికి ఏదో అయిందన్నమాట. అదీ చాలకపోతే ఇంకో పరీక్ష ఉంది. గోళంలో 12 ఎల్‌ఈడీ దీపాలు పెట్టారు. ఒకదాన్ని వెలిగించమని పైనుంచి ఆదేశమిస్తే, ఆ వెలుగు కనబడిందో లేదో చుట్టుపక్కల గోళాలు సాక్ష్యం చెబుతాయి.

మరి సాఫ్ట్‌వేరే చెడితే? గోళంలోని ప్రోగ్రాంను పైనుంచి మార్చవచ్చు. మార్చేటప్పుడు తప్పు జరిగితే గోళం మూగబోవాలి కదా. అందుకని కరెంటివ్వగానే ముందుగా లేచే చిన్న ప్రోగ్రాం ఒకదాన్ని మాత్రం ఎవరూ మార్చలేని మెమరీలో పెట్టేశారు. అది ఎక్కువేమీ చేయదు. పైవాళ్లతో మాట్లాడుతుంది, కొత్త ప్రోగ్రాంను ఎక్కించుకుంటుంది. నన్నడిగితే ఈ డిటెక్టర్ మొత్తంలో అన్నిటికంటే తెలివైన పని అదే. నూటికి 98 గోళాలు నేటికీ పనిచేస్తున్నాయంటే అందులో దాని పుణ్యం కొంత ఉండే ఉంటుంది.

అన్నట్టు, ఇంత లోతుకు దిగడం మనవాళ్లకు కొత్తేమీ కాదు. 1965లో కోలార్ బంగారు గనుల్లో, 2.3 కిలోమీటర్ల కింద, విశ్వకిరణాల వల్ల గాలిలో పుట్టిన న్యూట్రినోలను పట్టుకున్నారు. ఆ సంగతి ప్రకటించిన వ్యాసం రాసినవాళ్లలో మీనన్, శ్రీకంఠన్‌లతో పాటు రమణమూర్తి, నరసింహం అనే పేర్లుంటాయి. లోతు దాదాపు అంతే. తేడా ఏమిటంటే, గనిలోకి మనిషి దిగవచ్చు. యంత్రం మొరాయిస్తే దాని ముందు కూర్చుని బాగుచేసుకోవచ్చు.

ధ్రువంలో మంచు పైన కూడా మనుషులు బహు తక్కువ. ఫిబ్రవరి దాటితే అక్టోబరు దాకా విమానాలు రావు, సూర్యుడు ఆరు నెలలు కనబడడు. ఆ చలికాలమంతా ఐస్‌క్యూబ్‌కు కాపలా ఇద్దరే. ఏ కంప్యూటరు మొరాయించినా సాఫ్ట్‌వేర్ ఆ ఇద్దరినీ నిద్రలేపుతుంది. మిగతా వ్యవహారమంతా అమెరికాలోని విస్కాన్సిన్ నుంచి ఉపగ్రహాల మీదుగా నడుస్తుంది. పెద్ద ఉపగ్రహాలు రోజంతా కనబడవు కాబట్టి అర్జెంటు కబుర్లకు ఇరిడియం అనే ఉపగ్రహాల జాలం వేరే ఉంది. 2017 సెప్టెంబరు 22న గట్టి న్యూట్రినో ఒకటి తగిలినప్పుడు, ఎవరూ మీట నొక్కకుండానే 43 సెకన్లలో ప్రపంచంలోని టెలిస్కోపులకు కబురు వెళ్లిపోయింది. అది వచ్చిన దిక్కున దాదాపు 400 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఒక గెలాక్సీ భగ్గుమంటూ కనిపించింది.

ఇదంతా చెబితే మా బావ ఓపిగ్గా విని, "మరి వాళ్ల కరెంటు రాత్రిపూట పోదా?" అని మాత్రం అడిగాడు.

మీకూ పొలం దగ్గర మొబైల్ స్టార్టరు ఉంటే ఒక్కసారి చూడండి. అది ఆంప్స్ చెబుతోందా, లేక 'మోటర్ ఆన్' అని ఊరుకుంటోందా? ఏదైనా సరే, నాకో కార్డు ముక్క రాయండి.