అరవై రోజుల గడువు... పంతొమ్మిది వందల ఏళ్ల గోడ

మెయిల్ మంగళవారం పొద్దున వచ్చింది. నా ఉద్యోగం తీసేస్తున్నామని మూడే మూడు లైన్లు. బ్రిటన్‌లో నాలాంటి వర్క్ వీసా మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే మామూలుగా అరవై రోజులు టైమిస్తారు. ఆలోపు వీసా స్పాన్సర్ చేసే ఇంకో కంపెనీ దొరకాలి. లేదంటే పెట్టె సర్దుకోవడమే.

ఇంట్లో చెప్పలేదు. అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా 'ఆఫీసులో బిజీగా ఉన్నానమ్మా' అనేవాణ్ని. న్యూకాజిల్‌లో అద్దె గదిలో కూర్చుని అప్లికేషన్లు పంపడం, రిజెక్షన్లు చదవడం... ఇదే పని. మూడో వారానికి బుర్ర మొద్దుబారిపోయింది. ఓ శనివారం ఏమీ ఆలోచించకుండా రైలెక్కేశా. హాల్ట్‌విజిల్‌లో దిగి, మిగతా దారి బస్సులో. చేరింది గిల్స్‌లాండ్ అనే పల్లెకు.

నార్తంబర్లాండ్, కంబ్రియా కౌంటీల సరిహద్దులో ఉంటుందీ ఊరు. రైలు పట్టాలు ఊళ్లోంచే వెళ్తాయి కానీ రైలు ఆగదు. స్టేషన్‌ను 1967లోనే మూసేశారు. అయితే అంతకంటే చాలా పాత లైనొకటి ఈ ఊరి మీదుగా పోతుంది. అదే హేడ్రియన్ గోడ. రోమన్ చక్రవర్తి హేడ్రియన్ క్రీ.శ. 122లో మొదలుపెట్టించాడు. తూర్పు తీరం నుంచి పడమటి తీరం దాకా దాదాపు 117 కిలోమీటర్లు. సామ్రాజ్యానికి ఉత్తరపు హద్దు. ఒక్కమాటలో చెప్పాలంటే అప్పటి బోర్డర్ కంట్రోల్.

వీసా టెన్షన్ మర్చిపోదామని వచ్చి సరిహద్దు గోడ దగ్గర తేలానన్నమాట!

రైలు కట్ట పక్కనే పోల్‌ట్రాస్ వాగు ఒడ్డున ఓ చిన్న కోట శిథిలం ఉంది. గోడ పొడవునా ప్రతి రోమన్ మైలుకీ ఇలాంటిదొకటి కట్టారు. సైనికులు పడుకునే గదులు, మూలన రొట్టెలు కాల్చుకునే పొయ్యి ఆనవాలు, పైకెక్కే మెట్లలో మిగిలిన నాలుగైదు. ఆ మెట్ల వాలును బట్టే గోడ ఎంత ఎత్తుండేదో లెక్కగట్టారట.

అక్కణ్నుంచి విల్లోఫర్డ్ వైపు నడిచా. పచ్చిక బయళ్లు, గొర్రెలు, వాటి మధ్య గోడ. ఓ చోట ఆగిపోయా. పునాదేమో సుమారు పదడుగుల వెడల్పు. దాని మీద లేచిన గోడ ఎనిమిదడుగులే! పని మొదలుపెట్టాక మధ్యలో పైనుంచి ప్లాన్ మార్చేశారు. అప్పటికే వేసిన పునాదిని ఎవరు తవ్వుతారు? దాని మీదే సన్నగోడ లేపేశారు. నాకు నవ్వాగలేదు. క్లయింట్ రిక్వైర్‌మెంట్ మారిస్తే పాత కోడ్ మీదే కొత్తది కట్టిన రోజులు గుర్తొచ్చాయి. ఎవరు ఏ ముక్క కట్టారో పేర్లు కూడా రాళ్ల మీద చెక్కేవారు. గిట్‌లో మన కమిట్ హిస్టరీ లాగే.

కొంచెం ముందుకెళ్తే రోమన్ల వంతెన తాలూకు రాతికట్టు. కింద మాత్రం నీళ్లు లేవు. అర్థింగ్ నది ఎప్పుడో దారి మార్చుకుని పక్కకు జరిగిపోయింది. ఎండిన పొలంలో వంతెన ఒంటరిగా మిగిలింది. దాని మీద కాసేపు కూర్చున్నా. రెండేళ్లు పని చేసిన ప్రాజెక్టు గుర్తొచ్చింది. నది జరిగిపోతే వంతెన తప్పేముంది?

ఇప్పటి ఉక్కు వంతెన మీదుగా నది దాటి, గట్టెక్కితే బర్డోస్వాల్డ్ కోట. నన్ను నిజంగా కదిలించింది ఇక్కడే. మూడో శతాబ్దంలో ఈ కోటకు కాపలా కాసింది డేసియన్ దళం. అంటే ఇప్పటి రుమేనియా ప్రాంతం పేరు మీద కట్టిన దళం. ఇలాంటి దళాల్లో చేరినవాళ్లు మొదట్లో 25 ఏళ్లు సర్వీస్ చేస్తేగానీ రోమన్ పౌరసత్వం వచ్చేది కాదు. నా వీసాకు ఐదేళ్ల లెక్క. దానికే నేను వేళ్లు మడిచి రోజులు లెక్కపెట్టుకునేవాణ్ని!

ఇక్కడ దొరికిన ఓ సమాధి రాయి మీద డెసిబాలస్ అనే పసివాడి పేరుంది. డెసిబాలస్ అంటే రోమన్లతో పోరాడి, ఓడిపోయి, 106లో ప్రాణం తీసుకున్న డేసియా రాజు. ఆ రాజును ఓడించిన సైన్యంలోనే కొలువు. పుట్టిన బిడ్డకు మాత్రం ఆ రాజు పేరే! ఆఫీసులో నా పేరు పలకలేకపోతున్నారని మొదటి వారంలోనే రెండక్షరాలకు కుదించేసుకున్నవాణ్ని నేను. ఎందుకో సిగ్గనిపించింది.

ఐదో శతాబ్దం మొదట్లో బ్రిటన్‌లో రోమ్ పాలన ముగిసింది. జీతాలు పంపే సామ్రాజ్యమే లేదు. మరి ఇక్కడివాళ్లు? వెళ్లిపోలేదు. ధాన్యపు కొట్టు కూలిపోతే, ఆ జాగాలోనే పెద్ద చెక్క ఇల్లు కట్టుకున్నారు. తవ్వకాల్లో బయటపడిన ఆ ఇంటి స్తంభాల చోట ఇప్పుడు కర్ర దుంగలు పాతి ఉంచారు. తర్వాతి తరాలు గోడ రాళ్లు పీకి చర్చిలకీ, పొలం ఇళ్లకీ వాడుకున్నాయి. ఆపడానికి కట్టిన రాయి కాపురాలకు పనికొచ్చింది.

ఆ దుంగల దగ్గర నిలబడే అమ్మకు ఫోన్ చేశా. మొత్తం చెప్పేశా. అటువైపు కాసేపు మాటలేదు. తర్వాత, "ఏరా, ఇన్నాళ్లూ ఒక్కడివే మోశావా? అన్నం తింటున్నావా అసలు?" అంది. గొర్రెల మధ్య నిలబడి ఏడ్చేశా.

గడువులోగా స్పాన్సర్ దొరకలేదు. ఇది హైదరాబాద్ నుంచే రాస్తున్నా. ఇక్కడ కొత్త ఉద్యోగంలో చేరి నాలుగు నెలలైంది. చేరిన రోజు ఐడీ కార్డు మీద ఏ పేరు వేయమంటారని అడిగారు. పూర్తి పేరు చెప్పా.