ఆల్‌రౌండర్లను తూచే తక్కెడ

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మైదానాల్లో బ్యాటూ బంతీ రెండూ పట్టే కుర్రాణ్ని ఆల్‌రౌండర్ అంటారు. వేర్వేరు కాలాల ఆల్‌రౌండర్లను అంకెలతోనే తూస్తే అన్యాయం జరుగుతుంది.

నాగపూర్ తెలుగు కుటుంబంలో పుట్టిన సి.కె.నాయుడు తొలి టెస్టు ఆడేనాటికి ఆయనకు 36 ఏళ్లు. 7 టెస్టుల్లో 350 పరుగులు, 9 వికెట్లు. పైకి ఇంతే. కానీ 1932లో లార్డ్స్‌లో, క్యాచ్ పట్టబోయి దెబ్బతిన్న చేతితోనే 40 పరుగులు చేశారు. ఆ ఇన్నింగ్స్‌లో జట్టుకు అదే అత్యధికం.

హైదరాబాద్ సయ్యద్ అబిద్ అలీకి 29 టెస్టులు దక్కాయి: 1,018 పరుగులు, 47 వికెట్లు. 1967లో అడిలైడ్‌లో, తొలి టెస్టులోనే 55 పరుగులిచ్చి 6 వికెట్లు తీశారు. అంకెల్లో ఆయనదే పైచేయి. కానీ భారత్‌కు టెస్టులే లేని రోజుల్లో రాటుదేలిన నాయుడిదే పెద్ద ఘనత. అయితే 1971లో ఓవల్‌లో భారత్‌ను గెలిపించిన ఫోర్ కొట్టింది అబిద్ అలీయే.